కొండదారిలో విలన్ ఎవరు?

మన సినిమాల్లో విలన్‌ని పోల్చుకోవడం ఎంత తేలిక! బుగ్గ మీద గాటు, నోట్లో చుట్ట, గళ్ళ లుంగీ... తెర మీదకి రాగానే నేల క్లాసు కుర్రాడు కూడా ‘వీడేరా!’ అనేస్తాడు. నెలల తరబడి నడిచే కొండదారుల్లో మాత్రం ఎవరికీ మేకప్ ఉండదు. అక్కడే వచ్చింది చిక్కు!

2014లో వచ్చిన ‘వైల్డ్’ చూశారా? రీస్ విదర్‌స్పూన్ హీరోయిన్. చెరిల్ స్ట్రెయిడ్ అనే రచయిత్రి 1995లో అమెరికా పడమటి వైపు పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్ మీద ఒంటరిగా 1,100 మైళ్ళు నడిచిన నిజం కథ. అందులో ట్రాక్టర్ మనిషి ఒకడు కనిపిస్తాడు. వాలకం మొరటు. ఆమెతో పాటు మన గుండె కూడా దడదడ! తీరా చూస్తే ఇంటికి తీసుకెళ్ళి, భార్య ఎదుట కూర్చోబెట్టి కడుపునిండా భోజనం పెట్టిస్తాడు. ఇంకోచోట ఇద్దరు వేటగాళ్ళు తారసపడతారు. అక్కణ్ణుంచి మాత్రం పారిపోవలసిందే. అన్నట్టు, సినిమా మొదట్లో హీరోయిన్‌ని ట్రక్కులో తెచ్చి దించే ఆవిడ ఎవరనుకున్నారు? సాక్షాత్తు చెరిల్ స్ట్రెయిడే!

సినిమా సరే, నా సంగతి వినండి. మా అన్నయ్య వర్జీనియాలో ఉంటాడు. అక్కడికి వెళ్ళినప్పుడు అప్పలాచియన్ ట్రయిల్ మీద, షెనండోవా కొండల్లో నాలుగు రోజులు నడిచాను. ఈ దారి జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల్లో దాదాపు 2,200 మైళ్ళు. నేను నడిచింది అందులో ఆవగింజంత. పూర్తిగా నడిచేవాళ్ళకి అయిదారు నెలలు పడుతుంది. బరువు తగ్గుతుందని టూత్‌బ్రష్ పిడి కూడా సగానికి కోసేసే ఘనులున్నారు! సొంత పేర్లు చెప్పరు. దారిలో తోటివాళ్ళు తగిలించిన పేర్లే వాడుక. మన తారల స్క్రీన్ పేర్ల లాగన్నమాట!

రెండో సాయంత్రం జోరున వాన. రాత్రి తలదాచుకోవడానికి అక్కడక్కడా మూడు గోడల వసారాలుంటాయి. అందులో ఒకడే మనిషి. ఛాతీ దాకా గడ్డం, ఎర్రటి కళ్ళు, చేతిలో కత్తి. మన సినిమా అయితే వెనకాల ‘ఢాం’ అని మ్యూజిక్ వేసేవారు!

“ఒక్కరేనా?” అన్నాడు.

“లేదండీ, వెనక మా అన్నయ్య వస్తున్నాడు” అన్నాను. అన్నయ్య నలభై మైళ్ళ అవతల ఆఫీసులో ఉన్నాడు.

గడ్డాయన నవ్వాడు. “మంచిది. ఎవరడిగినా అలాగే చెప్పండి” అని, తన మూటాముల్లే తీసుకుని వానలోకి పోయి గుడారం వేసుకున్నాడు! ఎలుగుబంట్లకి అందకుండా తిండి సంచీని ఇనప స్తంభానికి ఎలా వేలాడదీయాలో కూడా చూపించాడు. నా సంచీలోని ఆవకాయ వాసనకి పాపం రెండు తుమ్ములు తుమ్మాడు.

మూడో రోజు, దారి తారురోడ్డుని దాటేచోట ఇంకొకాయన. నున్నటి గడ్డం, ఇస్త్రీ చొక్కా, తేనెలాంటి మాటలు. అచ్చం హీరో! పది నిమిషాల్లో మూడుసార్లు “రాత్రి ఎక్కడ పడుకుంటారు?” అన్నాడు. జవాబు దాటేసి, ముందు పోతున్న ముసలి దంపతులతో కలిసిపోయాను. ఏమీ జరగలేదు. జరగకూడదనే కదా!

అంచేత, అమ్మాయిలూ అబ్బాయిలూ, ఎదుటివాడి మొహం కాసేపు పక్కన పెట్టండి. అడిగే ప్రశ్నలు గమనించండి. మంచివాడు మీకు చోటు వదిలి జరుగుతాడు. రెండోవాడు మీ చోటులోకే జరుగుతాడు. రాత్రి మకాం ఇంటివాళ్ళకి ముందే చెప్పండి, దారిన పోయేవాళ్ళకి వద్దు.

1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ అవ్వ, పదకొండుమంది పిల్లల తల్లి, ఈ దారి మొత్తం ఒంటరిగా నడిచేసింది. కాళ్ళకి కాన్వాస్ బూట్లు, భుజాన చేత్తో కుట్టుకున్న సంచీ. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎందరో ఆవిడకి భోజనం పెట్టి, పడక చూపించారు. తలుపు తీసినప్పుడు ఎదురుగా ఆ అవతారం చూసి వాళ్ళెంత హడలిపోయారో!