ప్రాథమిక పాఠశాల - తల్లిదండ్రుల కర్తవ్యము

బిడ్డను బడిలో చేర్చుటతో తమ పని ముగిసినదని తలంచు తల్లిదండ్రులు పెక్కురు గలరు. బడి యేమి నేర్పును, అందుకొరకు ఇంటినుండి యేమి కోరును, అను విషయములను నేడు మనవి చేసెదను.

1822వ సంవత్సరమున చెన్నరాజధాని గవర్నరగు సర్ తామస్ మన్రో దేశములోని బడుల లెక్కలు తెప్పింప నారంభించెను. ఆ మరుసటి యేట బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాయందు 533 బడులున్నవనియు, అందు 226 తెలుగు బడులనియు, చదువుకొనువారందరును 6,641 మందియే యనియు వ్రాసి పంపెను. పిల్లలు అర్థమెరుగకయే పద్యములు వల్లించుట, పేదరికముచే లేతప్రాయముననే పనికి పోవుట, అను రెండు కొరతలను ఆయన ప్రత్యేకముగా చెప్పెను. రెండువందల యేండ్లు గడచినను మనము జాగ్రత్త పడవలసినవి ఆ రెండే.

బడి మొదట నేర్పునది చదువుట. ఇది సులభకార్యము కాదు. బిడ్డ నోట తొలుత వెలువడు 'అమ్మ' యను మాటలోనే ఒత్తు గలదు. ఆ ఒత్తు మకారమును పోలియుండదు. త, న, య, ర, ల ఒత్తులును అట్టివే. అక్షరములు, గుణింతములు, ఒత్తులు మెట్లవలె ఒకదానిపై నొకటి నిలిచినవి. గుణింతములు చెప్పు కాలమున పదినాళ్లు మానిన బిడ్డ, పిమ్మట పుస్తకమును చూచుట మాని ప్రక్కవాని నోరు చూచి పలుకును. పుస్తకము తలక్రిందుగ నున్నను అట్టి చదువు ఆగదు!

రెండవది లెక్క. 52 నుండి 27 తీసివేయుమనగా కొందరు 35 అని వ్రాయుదురు. రెండులో ఏడు పోదు గనుక, ఏడులో రెండు తీసివైతురు. ఎక్కములు రాకపోవుట దీనికి కారణము కాదు. 52 అనగా ఐదు పదులు, రెండు ఒకట్లు అని తెలియకపోవుటయే కారణము. చింతగింజలను పదేసి కుప్పలుగా పోసి చూపిన ఈ తప్పు తొలగును.

ఇక విద్యార్థి చేయవలసినదేమి? వేళకు వచ్చుట, శుచిగా నుండుట, తోటివారితో కలిసి మెలగుట. వీనికన్న ముఖ్యము, తెలియనిచో తెలియలేదని నిర్భయముగా చెప్పుట. దెబ్బలకు జడియు బిడ్డ ఈ మాట చెప్పలేడు. అందుచేతనే 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో కొట్టుటను నిషేధించినది. ఇంటను ఆ నియమమును పాటించుట మేలు.

ఆ చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చి, ఆరు మొదలు పదునాలుగేండ్ల ప్రాయము గల బాలబాలికలకు ఉచిత నిర్బంధవిద్యను హక్కు చేసినది. ఒకటి మొదలు ఐదు తరగతులకు ఏటేట కనీసము 200 పనిదినములు, 800 గంటల బోధన జరుగవలెను. ఏడాదికి 8,760 గంటలు గదా! అందు బడి పాలు పదింట ఒక వంతునకు లోపే. ఆ కొద్దికాలమునుండియు పత్తి యేరుటకనియు, పసిపాపను చూచుకొనుటకనియు దినములు తీసికొన్నచో మిగులునదేమి? ఇట్టి పనులకు తరచుగా ఆపబడునది ఆడపిల్ల యని మరువరాదు.

"మాకు చదువు రాదు, మేమేమి చేయగలము?" అని కొందరు తల్లులు అడుగుదురు. అమ్మా, మీరు పాఠము చెప్పనక్కరలేదు. రాత్రి భోజనమైన పిదప పదినిముషములు బిడ్డచేత పాఠము చదివించి వినుడు. అనంతరము పుస్తకము మూయించి, "ఇప్పుడు ఆ కథ నీ మాటలలో చెప్పు" మనుడు. చెప్పగలిగిన బిడ్డకు అర్థమైనది. తడబడిన బిడ్డకు కాలేదు. దీనిని తెలిసికొనుటకు అక్షరజ్ఞానము వలదు, చెవియొగ్గు ఓర్పు చాలును. అర్థము కాలేదని తోచినచో మరునాడు ఉపాధ్యాయునితో చెప్పుడు.

అట్లు చెప్పుట మీ అధికారము కూడ. ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలై యుండవలెననియు చట్టము విధించినది. కూలి పోవునని సమావేశము మానకుడు.

వల్లించినది పరీక్షతో పోవును. గ్రహించినది జీవితమంతయు తోడు వచ్చును. నేటి రాత్రియే మీ బిడ్డను చేరబిలిచి ఒక పుట చదివించి వినుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.