టెస్టులన్నీ గ్రీన్, కానీ సిస్టమ్ ఆన్ కాలేదు! ఓపెన్‌క్యూఏ ఏం చేస్తుంది?

"సిస్టమ్ అప్‌డేట్ రెడీ" అని ఫోన్‌లో వస్తే మీలో ఎంతమంది వెంటనే నొక్కేస్తారు? ఎంతమంది "రేపు చూద్దాంలే" అంటారు? నేనైతే రెండో బ్యాచ్. దానికో కారణం ఉంది.

నా మొదటి ఉద్యోగంలో ఒక రాత్రి సర్వర్‌కి అప్‌డేట్ వేశాను. టెస్టులన్నీ ముందే పాస్, అంతా గ్రీన్. రీస్టార్ట్ కొట్టాను. ఇక అది లేవలేదు. తెల్లారేదాకా నల్లటి స్క్రీన్ ముందే కూర్చున్నా. మా టెస్టులు అబద్ధం చెప్పలేదండీ. కాకపోతే అవన్నీ సిస్టమ్ ఆన్ అయ్యాక లోపల నడిచేవి. అసలు ఆన్ అవుతుందా లేదా అన్నది మేమెవరం టెస్ట్ చేయలేదు.

అసలు కష్టం ఇక్కడే ఉంది. యాప్‌ని టెస్ట్ చేయాలంటే కింద ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, దాని మీద టెస్ట్ నడుస్తుంది. మరి ఆ సిస్టమే ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు, బూట్ అవుతున్నప్పుడు? టెస్ట్ నిలబడటానికి కింద నేలే లేదు!

దీనికోసమే ఓపెన్‌సూసా లినక్స్ వాళ్లు ఓపెన్‌క్యూఏ అనే టూల్ తయారు చేశారు. ఓపెన్ సోర్స్, ఫ్రీ. ఫెడోరా లినక్స్ వాళ్లు కూడా వాడుతున్నారు. ఐడియా చాలా సింపుల్: లోపల కూర్చోకుండా, మనిషిలా బయట కూర్చుని స్క్రీన్ చూడటం.

ఎలాగో చూద్దాం. ముందు ఒక వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ స్టార్ట్ అవుతుంది. ఓపెన్‌క్యూఏ దానికి కీబోర్డ్ నొక్కుతుంది, మౌస్ కదుపుతుంది, స్క్రీన్ గమనిస్తుంది. "లాగిన్ పేజీ రావాలి" అని టెస్ట్‌లో రాస్తే, మామూలుగా 30 సెకన్లు ఎదురు చూస్తుంది. రాకపోతే ఫెయిల్.

వచ్చిందని దానికెలా తెలుస్తుంది? నీడిల్ వల్ల. నీడిల్ అంటే సూది. ఇందులో రెండు ఫైళ్లుంటాయి: ఒకటి సరైన స్క్రీన్‌షాట్, రెండోది అందులో ఏ భాగాన్ని పోల్చాలో చెప్పేది. మూలన గడియారం ఉందనుకోండి, అది ప్రతి నిమిషం మారుతుంది కదా, దాన్ని వదిలేయొచ్చు. మనం వేరే నంబర్ ఇవ్వకపోతే, ఆ భాగం 96 శాతం కలిస్తేనే పాస్.

స్క్రీన్ ఒక్కటే కాదు, బూట్ అయ్యాక కమాండ్లు టైప్ చేసి ఫలితం కూడా చూస్తుంది. రెండు మూడు వర్చువల్ మెషిన్లని కలిపి, ఒకటి సర్వర్‌గా, ఇంకోటి క్లయింట్‌గా నెట్‌వర్క్‌ని కూడా టెస్ట్ చేయొచ్చు. ఫెయిలైతే స్క్రీన్‌షాట్లు, వీడియో రెడీగా ఉంటాయి. ఎక్కడ ఆగిందో కళ్లారా చూడొచ్చు.

ఓపెన్‌సూసాలో టంబుల్‌వీడ్ అనే వెర్షన్ ఉంది. దానికి కొత్త అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. ప్రతి కొత్త విడుదల ముందు ఓపెన్‌క్యూఏ టెస్టులు దాటాలి, ఆ తర్వాతే యూజర్ల దాకా వస్తుంది.

మరి అంతా సేఫేనా? కాదు. డిజైన్‌లో ఫాంట్ మారినా పాత నీడిల్ కలవదు, ఎవరో ఒకరు కూర్చుని కొత్తది చేయాలి. వర్చువల్ మెషిన్‌లో పాసైంది మీ ల్యాప్‌టాప్ వైఫైతో పేచీ పెట్టొచ్చు. నీడిల్ చూడమన్న భాగం బాగుండి, పక్కన బటన్ విరిగి ఉన్నా టెస్ట్ గ్రీనే!

ఆ రాత్రి నేను నేర్చుకున్నదీ ఇదే. గ్రీన్ టిక్ అంటే "అంతా బాగుంది" అని కాదు, "మనం చూడమన్నది బాగుంది" అని మాత్రమే. అందుకే ఎవరైనా "టెస్టులన్నీ పాస్" అంటే ఒక్క ప్రశ్న అడగండి: "ఏం చూశారు?"

ఓపెన్‌సూసా టెస్ట్ ఫలితాలు లాగిన్ లేకుండానే ఎవరైనా చూడొచ్చు. ఫోన్ బ్రౌజర్‌లో ఓపెన్ చేసి ఎర్రగా ఉన్న ఒక టెస్ట్ నొక్కండి, ఏ స్క్రీన్ దగ్గర ఆగిందో కనిపెట్టి కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!