మూత్రనాళ స్టెంటు

మూత్రనాళ స్టెంటు అనగా మూత్రపిండం నుండి మూత్రాశయానికి మూత్రం ప్రవహించుటకు వీలుగా మూత్రనాళంలో అమర్చే సన్నని, మెత్తని గొట్టం. దీని రెండు చివరలు ఆంగ్ల అక్షరం జె వలె వంగి ఉంటాయి కాబట్టి డబుల్ జె స్టెంటు అని కూడా అంటారు. ఒక వంపు మూత్రపిండంలోను, మరొకటి మూత్రాశయంలోను నిలిచి గొట్టం జారిపోకుండా పట్టి ఉంచుతాయి. ఈ రూపం 1978 నుండి వాడుకలో ఉంది.

కాన్సర్ వలన అడ్డంకి

మూత్రనాళం పొడవు 25 నుండి 30 సెం.మీ. గర్భాశయ ముఖద్వారం, ప్రోస్టేటు గ్రంథి, మూత్రాశయం, పెద్దప్రేగులలో వచ్చే కాన్సర్ గడ్డలు, ఉబ్బిన లింఫు గ్రంథులు దీనిని బయటి నుండి నొక్కివేయవచ్చు. అప్పుడు మూత్రం వెనుకకు నిలిచి మూత్రపిండం ఉబ్బుతుంది. అడ్డంకి నెమ్మదిగా పెరిగితే నొప్పి ఉండకపోవచ్చు. రెండు వైపులా మూసుకుపోతే రక్తంలో క్రియాటినిన్, పొటాషియం పెరిగి ప్రాణాపాయం కలుగుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి సిస్‌ప్లాటిన్ వంటి కాన్సర్ మందులు ఇవ్వడం కష్టం. అందువలన అడ్డంకిని ముందుగా తొలగించవలసి వస్తుంది.

అమర్చే విధానం

మూత్రమార్గం ద్వారా సిస్టోస్కోపును పంపి, సన్నని తీగ ఆధారంగా, ఎక్స్‌రే సహాయంతో స్టెంటును అమర్చుతారు. కోత అవసరం లేదు. గడ్డ ఒత్తిడి ఎక్కువగా ఉంటే స్టెంటు ఎక్కకపోవచ్చు, లేదా అమర్చిన తరువాత కూడా మూసుకుపోవచ్చు. అటువంటప్పుడు నడుము వెనుక నుండి మూత్రపిండంలోకి గొట్టం వేసి మూత్రాన్ని బయటి సంచిలోకి మళ్ళిస్తారు. దీనిని నెఫ్రాస్టమీ అంటారు. స్టెంటు కాన్సర్‌ను నయం చేయదు, మూత్రపిండాన్ని మాత్రమే కాపాడుతుంది.

జాగ్రత్తలు

మాటిమాటికి మూత్రం రావడం, మంట, నడుము నొప్పి, మూత్రంలో కొద్దిగా రక్తం సాధారణంగా కనిపిస్తాయి. చలితో కూడిన జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. సాధారణ స్టెంటును 3 నుండి 6 నెలలకు ఒకసారి మార్చాలి. మరచిపోతే దానిపై రాళ్ళు పేరుకొని తీయడం కష్టమవుతుంది.

నెల్లూరు జిల్లా పశ్చిమ ప్రాంతం

ఆత్మకూరు నుండి నెల్లూరుకు సుమారు 60 కి.మీ., ఉదయగిరి నుండి సుమారు 100 కి.మీ. దూరం ఉంది. జ్వరం వచ్చిన రాత్రి ఈ దూరమే పెద్ద సమస్య. కనుక స్టెంటు వేసిన తేదీ, మార్చవలసిన తేదీ గల కాగితాన్ని రోగి వద్ద ఉంచుకోవడం, ఆ తేదీని ఇంటివారు కూడా గుర్తుంచుకోవడం అవసరం. నెల్లూరులో రెడ్‌క్రాస్ కాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలో 1993లో ఏర్పడిన స్విమ్స్ ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ప్రస్తుతం ఎన్టీఆర్ వైద్య సేవగా పిలువబడుతున్న ప్రభుత్వ పథకంలో కాన్సర్, మూత్రపిండ వ్యాధుల చికిత్సలు ఉన్నాయి.