చిన్నయూరి కాపురము: మేలును, కీడును



"అంత దూరదేశమునకు పోయి, న్యూయార్కు గాక, షికాగో గాక, పేరైనను వినని పల్లెటూర కాపురముండుట యేమి ఖర్మము?" అని మా పిన్నతల్లి ప్రతి పండుగకును ఫోనులో నడుగుచుండును. ఆమెకు నవ్వి సమాధానము చెప్పుచు వచ్చితిమి. ఈ యేడు మాత్రము నవ్వి తప్పించుకొనుటకు వీలులేకపోయినది.

మావారు ఉపాధ్యాయులు. అమెరికాలోని పల్లెబడులలో లెక్కలు చెప్పువారు చాలనందున, పరదేశోపాధ్యాయులను మూడు సంవత్సరముల గడువుపై రప్పించుకొను పద్ధతి యొకటి కలదు. బడివారు కోరినచో నా గడువును మఱి రెండేండ్ల వఱకు పొడిగింపవచ్చును. ఆ విధముగానే మేము అయోవా రాష్ట్రములోని యొక చిన్నయూరికి వచ్చితిమి. ఇప్పుడు మూడవ యేడు నడుచుచున్నది. "ఉందురా, మరలి పోదురా?" యని బడివా రడిగిరి. మావారు, "పగలంతయు ఇంట నుండునది నీవు. నీవే తూచి చెప్పు" మనిరి. తూచిన తూకమే యీ వ్యాసము. ఇట్టి యూళ్లకు రానున్న సోదరీమణులకు కొంత యుపయోగపడునని వ్రాయుచున్నాము.

ఒహైయో మొదలుకొని కాన్సాసు, నెబ్రాస్కా, డకోటాల వఱకు గల పండ్రెండు రాష్ట్రములను మిడ్వెస్టు అందురు. అందులో అయోవా తూర్పున మిస్సిసిపీ నదికిని పడమట మిస్సోరీ నదికిని నడుమ నున్నది. మన కోనసీమ గోదావరీ పాయల నడుమ నున్నట్లే యనుకొనుడు. కాని కొబ్బరిచెట్టు మాత్రము లేదు. 1785లో చేసిన శాసనము ననుసరించి ఈ భూములను మైలు చదరపు పలకలుగా కొలిచిరి. ఒక్కొక్క పలక 640 ఎకరములు. అందుచేత దారులన్నియు నూలుపట్టి గీచినట్లుండును. పిమ్మట రైలుమార్గములు వచ్చినవి. రైతులు బండిమీద ధాన్యము తోలుకొని వచ్చి సాయంకాలమునకు ఇల్లు చేరగలిగినంత యెడముతో రైలుదారి వెంట ఊళ్లు వెలసినవి. తరువాత ట్రాక్టరు వచ్చినది. పదిమంది చేయు పని యొక్కడు చేయజొచ్చెను. పొలములు పెరిగెను, సంసారములు తరిగెను. అయోవాలో 99 జిల్లాలు కలవు. 2010 నుండి 2020 వఱకు గల పదేండ్లలో వానిలో మూడింట రెండువంతుల జిల్లాలలో జనసంఖ్య తగ్గినది.

మా యూరి జనము మూడువేల లోపు. అయిదారు మైళ్ల దూరమునుండియే ధాన్యపు గాదెల తెల్లని గోపురములును, ఊరిపేరు వ్రాసిన నీళ్లతొట్టియు కనబడును. పెద్దవీధి యొకటే. మధ్యాహ్నము పండ్రెండు గంటలకు సైరను కూయును. ఆ కూతకే మేము అన్నము వడ్డింతుము.

మొదట మేలు చెప్పుదుము. ఇంటి యద్దె షికాగో ప్రక్కనున్న మా బంధువులు ఇచ్చుదానిలో సగమైనను లేదు. ఉపాధ్యాయుని జీతముతో పెరడుగల యిల్లు దొరకుట పట్టణములో కలలోని మాట. మా యెనిమిదేండ్ల పిల్ల సైకిలుపై బడికి తానే పోవును. ఎవరి పిల్ల, ఏ వీధి, ఎన్ని గంటలకు తిరిగి రావలెను అన్న సంగతి దారిలోని ప్రతి యింటివారికిని తెలియును. మేము వచ్చిన మొదటి వారములోనే ప్రక్కయింటి ముదుసలి యిల్లాలు రొట్టె కాల్చి తెచ్చి యిచ్చినది. ఇచ్చట పెద్దలను సైతము పేరుపెట్టి పిలుతురు. మాకు నోరు రాలేదు. మా పిల్లచేత "అమ్మమ్మ" యని పిలిపించితిమి. ఆమె యా మాటకు అర్థమడిగి తెలిసికొని, ఇప్పుడు ఊరంతటికిని తాను అమ్మమ్మ నని చెప్పుకొనుచున్నది.

రెండవ మేలు గ్రంథాలయము. ఆండ్రూ కార్నెగీ యను ధనికుడు అమెరికాలో 1,600లకు పైగా గ్రంథాలయములకు ధనమిచ్చెను. అందులో నూఱువఱకు అయోవాలోనే కట్టిరి. మా యూరిదియు వానిలో నొకటి. మెట్లెక్కి లోనికి పోయి చిరునామా చెప్పినంతనే చీటి యిచ్చిరి. రుసుము లేదు, ధరావత్తు లేదు. లేని పుస్తకమును వేఱొక యూరినుండి తెప్పించి యిత్తురు. మా తాతగారు 1914లో బెజవాడలో వెలసిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును గూర్చి, ఊరూర పుస్తకము తిరుగవలెనని శ్రమించిన అయ్యంకి వేంకటరమణయ్యగారిని గూర్చి మాకు కథలుగా చెప్పెడివారు. ఆ మహనీయుల కోరిక ఎట్టిదో మాకీ మూడువేల జనముగల యూరిలో కన్నులకు కట్టినది.

మూడవ మేలు, పనికి విలువ. అయోవాలోని క్రెస్కో యను చిన్నయూరి దగ్గఱ పొలములో 1914లో పుట్టినవాడే నార్మన్ బోర్లాగ్. ఆయన పెంచిన పొట్టి గోధుమ వంగడములు 1960లలో మన దేశమునకు వచ్చి కరవు భయమును చాల తగ్గించినవి. 1970లో ఆయనకు నోబెల్ శాంతి బహుమానము లభించెను. స్టార్మ్ లేక్ అను మఱియొక చిన్నయూరి పత్రిక, వారమునకు రెండుమార్లు వచ్చునది, 2017లో సంపాదకీయ రచనకు పులిట్జర్ బహుమానము పొందెను. ఊరు చిన్నదైనంతనే బుద్ధి చిన్నది కానక్కరలేదు.

ఇక కీడు. మొదటిది దూరము. బస్సు లేదు, రైలులో మనుష్యులు ఎక్కరు, నడచిపోవుటకు అంగడి తప్ప మఱేమియు లేదు. కారు నడపనేరని యాడుదానికి ఇది యన్నముపెట్టు చెరసాల. మొదటి యారునెలలు మేమట్లే యుంటిమి. మావారు వచ్చువఱకు కిటికీయే లోకము. తుదకు ముప్పదిరెండవ యేట స్టీరింగు పట్టితిమి. మంచుపై చక్రము జారుట, చీకటిలో జింక యడ్డు వచ్చుట మొదలైన భయములు ఇప్పటికిని పోలేదు. కాని ఆ చీటి చేతికి వచ్చిన దినమున పెండ్లినాటికన్న నెక్కువగా సంతోషించితిమని చెప్పినచో మావారు కోపింపరాదు.

రెండవది తిండి. చుట్టును కనుచూపుమేర మొక్కజొన్నయు సోయా చిక్కుడును. కాని యందధికభాగము పశువుల మేతకును, కారులలో పోయు సారాయమునకును పోవును. కూరగాయలు వేయిమైళ్లకు పైబడి కాలిఫోర్నియానుండి రావలెను. కందిపప్పు, చింతపండు, కరివేపాకు కావలెనన్న తొంబదిమైళ్లు పోయి నెలకొకమారు తెచ్చుకొందుము. చర్చిలోను, బడిలోను తలకొక వంటకము తెచ్చి పంచుకొని తిను విందులు తఱచు. మాంసము లేనిది వెదకుట కష్టము. చిక్కుడుకాయలలో సైతము పంది మాంసపు తునకలు వేయుదురు. రంగురంగుల జెల్లో పండ్లరసముతో చేసినదనుకొని మొదటి యేడు మా పిల్లకు పెట్టితిమి. దానిని గడ్డకట్టించునది పశువుల యెముకలు, చర్మముల నుండి తీసిన పదార్థమని తరువాత తెలిసినది. అప్పటినుండి మేమే పెద్దగిన్నెతో పులిహోర తీసికొనిపోదుము. ఇప్పుడు పులిహోర లేనిదే విందునకు నిండుదనము లేదనుచున్నారు! మే నెల నడుమ మంచు భయము తీరినంతనే గోంగూర విత్తనములు చల్లుదుము. వేసవి పగళ్లు దీర్ఘములగుటచే మనయూరికన్న నేపుగా పెరుగును. అక్టోబరులో ఒక్కరాత్రి మంచు పడినచో నల్లబడి చచ్చును. అంతకుముందే పచ్చడి జాడీలోనికి చేరవలెను.

మూడవది చలి. 2019 జనవరి 31వ తేదీన ఇల్లినాయి రాష్ట్రములోని మౌంట్ కారల్ అను చిన్నయూర సున్నకు దిగువ 39 సెంటిగ్రేడు డిగ్రీలవఱకు చలి పడినది. అన్ని యేండ్లు అట్లుండవు గాని, నవంబరు మొదలు మార్చి వఱకు పెరటి గుమ్మము తెఱచుటయే యొక సాహసము. వేసవిలో సుడిగాలులు. 2007 మే 4న కాన్సాసులోని గ్రీన్స్‌బర్గ్ అను నూరు సుడిగాలికి ఇంచుమించుగా నంతయు నేలమట్టమైనది. ఆ యూరివారు వదలిపోక, గాలిమరల విద్యుత్తుతో నడుచునట్లు మరల కట్టుకొనిరి. మా రాష్ట్రములో 2020 ఆగష్టు 10న వచ్చిన పెనుగాలికి పైరులు చాపచుట్టినట్లు పడిపోయెనని, దినముల తరబడి దీపములు లేవని, ఱంపములు పట్టుకొని ఒకరి వాకిట చెట్టును మఱియొకరు కోసిరని మా యూరివా రిప్పటికిని చెప్పుకొందురు.

నాలుగవది కన్నులు, నాలుకలు. ఈ చిన్నయూళ్ల గుట్టును 1920లోనే "మెయిన్ స్ట్రీట్" అను నవలలో సింక్లేర్ లూయిస్ బయటపెట్టెను. ఆతని జన్మస్థలము మిన్నెసోటాలోని సాక్ సెంటర్. గ్రంథాలయములో పనిచేసిన యువతి యొకతె వైద్యుని పెండ్లాడి చిన్నయూరికి వచ్చి, దానిని బాగుచేయబోయి, విసిగి వాషింగ్టను నగరమునకు పోయి, తుదకు మరలి వచ్చును. 1930లో ఆతనికి నోబెల్ బహుమానము వచ్చినది. సాహిత్యమున దానిని పొందిన మొదటి అమెరికనుడు ఆతడే. తమ్మెగతాళి చేసిన యా పుస్తకమునే సాక్ సెంటరువారు గర్వకారణముగా చేసికొని, తమ వీధికి "అసలైన మెయిన్ స్ట్రీట్" అని పేరు పెట్టుకొనిరి. మా సంగతియు నంతే. మేమెప్పుడు దీపమార్పితిమో, మా యింటికెవరు వచ్చిరో మఱునాడు అంగడిలో తెలియును. బొట్టును చూచి దెబ్బ తగిలినదా యని యడిగిన వారు కలరు. "మీ దేశమునకెప్పుడు పోదువు?" అని కటువుగా నడిగిన వాడొకడు కలడు. ఆ దినమున సామానులు కొనకయే యింటికి వచ్చితిమి. పట్టణములో నట్టివానిని మరల చూడనక్కరలేదు; ఇచ్చట వారమున కొకమారు చూడవలెను.

ఐదవది భాష. ఈ యూర తెలుగు మాటాడువా రిద్దఱే, మేమును మావారును. మా పిల్ల తెలుగున విని ఇంగ్లీషున బదులు చెప్పుట మొదలుపెట్టినది. మాడ్రిడ్ అను చిన్నయూర హిందూ దేవాలయము కలదు గాని, పోయి వచ్చుటకు దినమంతయు పట్టును. కావున ప్రతిదినము సాయంకాలము అరగంట, మా తాతగారు మాకు చెప్పినట్లే, పద్యము కంఠస్థము చేయించి ప్రతిపదార్థము చెప్పించుచున్నాము. పట్టణమున తెలుగు బడికి పంపి తల్లి యూరకుండవచ్చును. ఇచ్చట తల్లియే బడి.

అన్నిటికన్న పెద్దకీడు వైద్యము. పల్లెలలో కాన్పులు తగ్గినవని, మంత్రసానులు వైద్యులు దొరకరని అనేక చిన్న ఆసుపత్రులు పురుళ్లు పోయుట మానివేసినవి. మా యూరి ఆసుపత్రియు నట్టిదే. పురిటికి ఏబదియైదు మైళ్లు పోవలెను. నిరుడు ఫిబ్రవరిలో, చెప్పిన తేదీకి పదిదినములు ముందుగా, అర్ధరాత్రివేళ మాకు నొప్పులు మొదలైనవి. వెలుపల మంచుతుఫాను, దారియు పొలమును ఒక్కటే తెలుపు. మావారు ప్రక్కయింటి ముదుసలికి ఫోను చేసిరి. ఆమె కుమారుడు జిల్లావారి మంచుతోయు బండి నడుపును. పావుగంటలో ఆమె చెప్పులైనను సరిగా తొడుగుకొనక వచ్చి మా పిల్ల ప్రక్కన పరుండినది. కుమారుడు బండి తెచ్చి ముందు దారి చేయుచు నడువగా, ఆ యెఱ్ఱదీపము వెంబడి మావారు కారు నడపిరి. జిల్లా పొలిమేర చేరునప్పటికి ఆవలి జిల్లా బండి మాకై కాచుకొని యున్నది. ఏబదియైదు మైళ్లకు మూడుగంటలు పట్టెను. ఆసుపత్రి చేరిన నలుబది నిమిషములకు మాకు పుత్రుడు కలిగెను.

మా తూకమునందు ఈ రాత్రి ఏ తట్టలో వేయవలెనో మాకు తెలియలేదు. పట్టణమున నున్నచో పదినిమిషములలో ఆసుపత్రి చేరియుందుము. ఆ భయమే యుండకపోవును. కాని పట్టణమున అర్ధరాత్రి మాకొఱకు రెండు జిల్లాల బండ్లను లేపువా రెవరు? ఊరు మా ప్రాణమును అపాయమున పెట్టినది. ఊరివారు దానిని కాపాడిరి. రెండును నిజమే.

ఇక్కడికి రానున్న సోదరీమణులు నాలుగు ప్రశ్నలు ముందుగా నడుగుడు. పురుడుపోయు ఆసుపత్రి ఎన్ని మైళ్లు? కారు నేర్పువా రెవరు, ఎన్నినెలలలో? త్రాగునీరు బావిదా, ఊరి కుళాయిదా? బావిదైనచో పొలపు టెరువుల నైట్రేటు అందులో చేరును. పసిబిడ్డలకు పాలు కలుపుటకు ముందు తప్పక పరీక్ష చేయింపవలెను. మీ భర్తగారు దినమంతయు బడిలోనుండగా ఒంటరితనమును మీరు తాళగలరా? ఈ నాలుగింటికిని తగిన యుత్తరము దొరికినచో రండు. లేనిచో జీతము చూచి రావలదు.

మావారికి మా తీర్పు చెప్పితిమి. రెండేండ్లు ఉందము, అటుపిమ్మట ఒక్కదినమైనను ఉండక మనయూరికి పోదము. అప్పటికి పిల్లకు పదేండ్లు వచ్చును. అంతకుమించినచో మా సాయంకాలపు అరగంట చాలదు. ఈ మాట పిన్నతల్లికి ఫోనులో చెప్పగా, "అయితే ఆ ముదుసలికి మన యావకాయ జాడీ యొకటి పంపెదను; కారమునకు తాళగలదా, అడిగి చెప్పుము" అనినది. అడిగితిమి. తాళగలనని చెప్పినది. ఆ జాడీ ఈ నెలలో రానున్నది.