మన ఎండకు నిలిచే క్రిస్మస్ చెట్టు

డిసెంబరు దగ్గర పడుతుండగా మన సంఘాలలో నక్షత్రాలు, పశువుల పాక, క్యారల్స్ రౌండ్ల ఏర్పాట్లతో పాటు ఒక మాట వినబడుతుంది: ఈసారి ప్లాస్టిక్ చెట్టు వద్దు, నిజమైన చెట్టు తెద్దాం. మంచి ఆలోచనే. కానీ విజయవాడ చుట్టుపక్కల మందిరాలలో ఇలా తెచ్చిన కుండీ మొక్కలు చాలావరకు పెంతెకొస్తు పండుగ నాటికి ఎండుకట్టెలవుతున్నాయి. కానుకల డబ్బుతో కొన్న మొక్క ఆరు నెలలు కూడా బతకకపోతే సంఘపెద్దలు మరుసటి ఏడు మళ్లీ ప్లాస్టిక్ చెట్టు వైపే చూస్తారు. తప్పు సాధారణంగా నీళ్లు పోసినవారిది కాదు, మొక్క ఎంపికది.

చెట్టే వద్దనే సహోదరులు యిర్మీయా 10వ అధ్యాయం చూపిస్తారు. అక్కడ ప్రవక్త మాట్లాడుతున్నది అడవి మాను నరికి, చెక్కి, వెండి బంగారాలతో అలంకరించి దేవుడని మొక్కే విగ్రహం గురించి. పండుగకు పెట్టుకునే పచ్చని మొక్క గురించి కాదు. అలాగని క్రిస్మస్ చెట్టు పెట్టమని వాక్యం ఎక్కడా ఆజ్ఞాపించలేదు. అది 16వ శతాబ్దపు జర్మనీలో కనబడే ఆచారం, ఆ తర్వాత ఇంగ్లండుకు పాకింది. పెట్టని సంఘానికి లోటేమీ లేదు. పెట్టదలచినవారికే ఈ నాలుగు మాటలు.

సినిమాలలో, గ్రీటింగు కార్డులలో కనబడే ఫర్, స్ప్రూస్ చెట్లు చలిదేశాలవి. శీతకాలంలో కొన్ని నెలలు గట్టి చలి తగిలితేనే అవి సరిగా చిగురిస్తాయి. యెషయా 60:13 పరిశుద్ధాలయపు అలంకారం కోసం తేబడతాయని చెప్పిన లెబానోను వృక్షాలు కూడా మంచు పడే కొండల మీదివే. మనకు పుష్యమాసపు తెల్లవారుజామున కూడా 18 డిగ్రీల దాపునే ఉంటుంది, మే నెలలో 40 దాటడం మామూలే, కొన్నేళ్లు 45 కూడా చూశాం. ఆ జాతుల విత్తనాలు, మొక్కలు ఆన్‌లైనులో ఎవరైనా అమ్మజూపితే కొనవద్దు.

మన నర్సరీలలో క్రిస్మస్ ట్రీ పేరుతో అమ్మేది అరకేరియా. తూర్పు గోదావరి కడియపులంక నర్సరీల నుంచి ఇది మన దాకా వస్తుంది. పసిఫిక్ మహాసముద్రంలోని నార్ఫోక్ ద్వీపం దీని సొంత ఊరు. అంతస్తులు అంతస్తులుగా, నక్షత్రం ఆకారంలో కొమ్మలు వేసే ఈ చెట్టు అందం చెప్పనక్కరలేదు. సముద్రపు గాలికి అలవాటుపడినది కనుక బందరు, నాగాయలంక వైపు ఉప్పుగాలిని బాగానే ఓర్చుకుంటుంది. దానికి గిట్టనివి రెండు: వడగాడ్పు, వేరు దగ్గర నిలిచే నీరు. విజయవాడలో మొదటిది ఎక్కువ, డెల్టా నల్లమట్టిలో రెండోది ఎక్కువ. కనుక కుండీలో ఒట్టి నల్లమట్టి నింపకండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన సింగ్‌నగర్ వంటి పల్లపు ప్రాంతాలలో కుండీని అరుగు మీదే ఉంచాలి.

కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోవద్దు. కింది అంతస్తు కొమ్మలు పచ్చగా ఉన్నాయా, నడిమి మోసు విరగకుండా ఉందా చూడండి. ఈ చెట్టుకు ఎండిపోయిన కింది కొమ్మ మళ్లీ రాదు, తల తుంచితే ఆ ఆకారం తిరిగి రాదు. నేలలో నాటితే దశాబ్దాలలో మందిరం కప్పును దాటిపోయే చెట్టు ఇది. గోడ పక్కన, కరెంటు తీగల కింద నాటితే రేపు నరకవలసివచ్చేది మీ పిల్లలే.

నన్నడిగితే డెల్టా గ్రామసంఘాలకు సరుగుడే మేలు. మన తీరంలో సర్వి అని కూడా పిలుస్తారు. పందిరి గుంజగా, సెంట్రింగు కర్రగా, కాగితపు మిల్లుల ముడిసరుకుగా మాత్రమే దాన్ని చూడడం అలవాటై, దాని అందం మన కంటికి ఆనడం లేదు. దూరం నుంచి చూస్తే పైన్ చెట్టే. సూదుల్లా కనబడేవి నిజానికి ఆకులు కావు, సన్నని పచ్చ రెమ్మలు. ఇసుకనేల, ఉప్పుగాలి, ఎండ అన్నిటికీ తట్టుకుంటుంది. వేళ్లపై బుడిపెలలో ఉండే సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకుంటుంది కనుక బీదనేలలోనూ బతుకుతుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఎరిగిన ఊళ్లకు, సముద్రగాలికి అడ్డంగా నిలిచే సరుగుడు తోపు విలువ వేరే చెప్పాలా! రైతులు ఎకరాలకెకరాలు నాటే నారు కనుక మొక్క చవక. కత్తిరింపును కూడా ఓర్చుకుంటుంది. ఏడాదికి రెండు మూడుసార్లు కత్తిరిస్తే కోన్ ఆకారంలో నిలుస్తుంది, వదిలేస్తే మాత్రం ఏడాదిలో మనిషెత్తు దాటుతుంది. ఏటా తోటలోంచి తలలు నరికి తెచ్చే యౌవనస్థులు ఒకసారి దీన్ని ఆలోచించాలి.

పట్టణంలో చోటు తక్కువైతే థూజా ఉంది. ఎండ తగిలితేనే గుబురుగా పెరుగుతుంది, నీడలో పలచబడుతుంది. ఇక మందిరపు కాంపౌండులో కొమ్మలు వాల్చి నిటారుగా పెరిగిన అశోక చెట్టు ఇప్పటికే ఉంటే కొత్తది కొనడమెందుకు? దానికే దీపాలు కట్టండి. వృక్షశాస్త్రం ప్రకారం అది అసలు అశోకం కాదు గాని, మన ఎండకు దానంత గట్టి చెట్టు అరుదు.

కుండీ మొక్కను మందిరం లోపల పది రోజులకు మించి ఉంచవద్దు. ఏసీ గాలి, ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వవద్దు. చిన్న ఎల్ఈడీ దీపాలు చాలు, వెండి రంగు స్ప్రే, దూది మంచు ఆకుల మీద వేయవద్దు. పండుగ ముగిశాక ఒక్కసారిగా ఎండలో పెట్టకుండా వారం రోజులు నీడలో ఉంచి, తర్వాత ఉదయపు ఎండ తగిలే తూర్పు వైపుకు మార్చండి. మార్చి నెలాఖరుకల్లా అరకేరియాకు పడమటి వైపు పచ్చవల కట్టాలి. వేసవి సెలవులలో మందిరం ఖాళీగా ఉంటుంది కనుక నీళ్లు పోసే బాధ్యత ఎవరిదో, వీబీఎస్ మొదలవకముందే ఒక పేరు రాసి నోటీసు బోర్డులో పెట్టండి.