నల్లకోటుకు డప్పు మైలా?

వకీలుగా పనిచేస్తూ సంగీతాన్ని కూడా సాగించేవారంటే చదువుకున్న మన సమాజానికి ముచ్చట. పగలు కోర్టు, సాయంత్రం కచేరీ. అలాంటివారు ఎదురైతే అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: రెండింటికీ తీరిక ఎలా కుదురుతుందని. ఇది కాలం గురించిన ఆరాగానే కనిపిస్తుంది. వాద్యాన్ని మార్చి చూడండి. వీణ ఉన్నచోట డప్పును పెట్టండి. అప్పుడు తీరిక గురించి ఎవరూ అడగరు; నల్లకోటు వేసుకున్నాక ఇంకా ఈ డప్పెందుకని అడుగుతారు. మొదటిది అభినందన, రెండవది మందలింపు. ఆ రెండింటి మధ్య దూరాన్ని కొలిచేది కులమే.

కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లో, మహారాష్ట్ర సరిహద్దుకు చేరువలో డోంగ్లి ఉంది. మద్నూర్ నుంచి విడివడి కొత్తగా మండలమైంది. ఎస్సీలకు రిజర్వు అయిన జుక్కల్ నియోజకవర్గంలోనిది. తెలుగు, మరాఠీ, కన్నడం కలగలిసే నేల అది. ఇవతల డప్పు, అవతల హల్గీ; ఇవతల మాదిగ, అవతల మాంగ్. పేర్లు వేరైనా తోలు ఒకటే, ఊరి చావుకు ముందు నడవవలసిన వంతూ ఒకటే. ఈ ప్రాంతపు డప్పు కుటుంబం నుంచి ఒక యువకుడో యువతో లాసెట్ రాసి, డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, సినిమా, సంగీత ఒప్పందాల న్యాయవాదిగా స్థిరపడాలనుకున్నారనుకుందాం. ఇంట్లో గోడకు వేలాడే డప్పును వారేం చేయాలి?

నియమాలు ఏమంటున్నాయో ముందు చూద్దాం. న్యాయవాది స్వయంగా వ్యాపారం చేయరాదని, పూర్తికాలపు జీతం కొలువులో ఉండరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతాయి. 51వ నియమం ప్రసారాలు, పత్రికా రచన, ఉపన్యాసం, బోధన వంటి వ్యాపకాలకు చోటిచ్చింది. 52వ నియమం ప్రకారం పాక్షిక ఉద్యోగానికి రాష్ట్ర బార్ కౌన్సిల్ సమ్మతి కావాలి. ఆ పని న్యాయవాద వృత్తి గౌరవానికి విరుద్ధం కారాదు. ఈ జాబితాలో సంగీతం పేరు లేదు. 'గౌరవం' అనే మాట మాత్రం ఉంది. ఇలాంటి మాటలకు అర్థం నిఘంటువు చెప్పదు, తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నవారు చెబుతారు.

ఆ కుర్చీల చరిత్ర మనకు తెలియనిది కాదు. టి.ఎల్. వెంకటరామ అయ్యర్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి; దీక్షితార్ కృతుల పండితుడిగా 1944లో మద్రాసు సంగీత అకాడమీ నుంచి సంగీత కళానిధి బిరుదు పొందినవారు. ఆ సంగీతం న్యాయవృత్తి గౌరవానికి భంగకరమని ఎవరూ అనలేదు, అది అలంకారమైంది. అదే నగరంలో ఇ. కృష్ణ అయ్యర్ అనే న్యాయవాది స్త్రీ వేషం ధరించి సదిర్ నృత్యాన్ని ప్రదర్శించారు, దాని గౌరవం కోసం వాదించారు, 1931లో సంగీత అకాడమీ వేదికపై దేవదాసీ కుటుంబపు కళాకారిణుల ప్రదర్శన పెట్టించారు. ఆయన సాహసాన్ని తక్కువ చేయవలసిన పనిలేదు. అయినా జరిగినదేమిటి? 1947లో మద్రాసు దేవదాసీ నిరోధక చట్టం వచ్చింది. తరతరాలుగా ఆ ఆటను, పాటను మోసిన కులాల స్త్రీలు, మన కోస్తాలో కళావంతులు, వేదిక దిగిపోయారు. అగ్రకులాల ఆడపిల్లలు వేదిక ఎక్కారు. దేవదాసీ దురాచారం పోవలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ దురాచారంతో పాటు కళ మీది హక్కు కూడా ఆ స్త్రీల చేతుల్లోంచి జారిపోతున్నప్పుడు, వారి తరఫున ఒప్పందం రాయగల న్యాయవాది వారి ఇళ్లలో లేరు.

న్యాయశాస్త్రం చదివి సంగీతంలోకి వెళ్లినవారందరూ ఇష్టపడి వెళ్లలేదు. పాల్ రాబ్సన్ 1923లో కొలంబియా లా స్కూలు నుంచి పట్టా తీసుకుని న్యూయార్క్‌లో ఒక న్యాయవాద సంస్థలో చేరాడు. నల్లవాడు చెబితే రాసుకోనని తెల్ల స్టెనోగ్రాఫర్ నిరాకరించింది. ఆయన ఆ వృత్తిని వదిలి నాటకానికి, పాటకు వెళ్లాడు. ప్రపంచానికి మహా గాయకుడు దొరికాడని సంతోషిస్తాం, కానీ అది ఆయన చేసుకున్న సమతూకం కాదు. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు వైపు నడిచాడు. 1950లో అమెరికా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టును లాక్కుంది. దాన్ని తిరిగి పొందడానికి 1958 దాకా పోరాడవలసి వచ్చింది. గాయకుడైనా న్యాయంతో పని తప్పలేదు. కాకపోతే ఈసారి బాధితుడిగా.

మన పొరుగున మరాఠీలో 2014లో వచ్చిన 'కోర్ట్' సినిమాను ఇక్కడి విద్యార్థులు చూడాలి. నారాయణ్ కాంబ్లే అనే దళిత గాయకుడు తన పాటతో ఒక పారిశుద్ధ్య కార్మికుడిని ఆత్మహత్యకు ప్రేరేపించాడని కేసు. అందులో పాటలు శంభాజీ భగత్‌వి. కాంబ్లే తరఫు వకీలు మంచివాడు, నిజాయితీగా వాదిస్తాడు; పని ముగిశాక కారులో జాజ్ వింటూ ఇంటికి వెళతాడు. ఒకే కేసులో న్యాయమూ సంగీతమూ ఉన్నాయి, కానీ ఇద్దరు వేర్వేరు మనుషుల్లో, రెండు వేర్వేరు లోకాల్లో. పాడేవాడికి చట్టం రాదు, వాదించేవాడికి ఆ పాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. మన కాపీరైట్ చట్టం కూడా ఈ ఎడబాటులోనే తయారైంది.

1957 నాటి చట్టంలో సంగీత రచన అంటే కాగితం మీద అచ్చయినదో, రాసినదో, గుర్తులతో గీసినదో. స్వరలిపిలో లేనిది సంగీతమే కాదు. 1977లో సినిమా సంగీత హక్కుల కేసులో సుప్రీంకోర్టు తీర్పుకు జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా జోడించిన అభిప్రాయంలో ఈ వింతను ఎత్తిచూపారు: మనం చెవులారా వినే గానానికి రక్షణ లేదు, కాగితం మీది స్వరానికే ఉంది. ఆ నిర్వచనం మారింది 1994లో. అంటే 37 ఏళ్లపాటు, అక్షరం నిషేధించబడిన కులాల సంగీతానికి, అక్షరంలో లేదన్న కారణంతో రక్షణ దక్కలేదు. శంబూకుడి కథ తెలిసిన పాఠకులకు దీని మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

1994 సవరణే ప్రదర్శకుల హక్కును కూడా తెచ్చింది. ప్రదర్శకుడు ఎవరన్న నిర్వచనంలో నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడితో పాటు గారడీవాడు, పాములవాడు కూడా ఉన్నారు. మాంగ్ గారోడి అనే కులం మన ఎస్సీ జాబితాలో ఉంది. వారి పేరులోనే ఆ విద్య ఉంది. చట్టం వారిని కళాకారులని గుర్తించింది, బాగుంది. 2012 సవరణ ఇంకో అడుగు వేసి, సినిమాకు సమ్మతి ఇచ్చినా ప్రదర్శనను వాణిజ్యంగా వాడినప్పుడు రాయల్టీకి ప్రదర్శకుడు అర్హుడని చెప్పింది. అయితే అదే సవరణ నిర్వచనానికి ఒక మినహాయింపును అతికించింది. సినిమాలో ప్రదర్శన యాదృచ్ఛికమో ఆనుషంగికమో అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో పేరు వేయకపోతే, ఆ వ్యక్తిని ప్రదర్శకుడిగా పరిగణించనక్కర్లేదట. తన ప్రదర్శనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కొక్కటే మిగులుతుంది. తన పేరు చెప్పాలని కోరే హక్కు పోతుంది. పేరు వేయలేదు కనుక కళాకారుడు కాడు. కళాకారుడు కాడు కనుక పేరు అడగలేడు. తెలుగు సినిమాలో జాతర పాట వెనక, పెళ్లి ఊరేగింపు ముందు, నాయకుడి శవయాత్రలో డప్పు కొట్టే పదిమంది పేర్లు ఎప్పుడైనా తెర మీద చదివామా? వారి ప్రదర్శన 'ఆనుషంగికం' అని తేల్చేది ఎవరు? పరిశ్రమ ఆనవాయితీ. ఆ ఆనవాయితీని నిర్ణయించే కులాలేవో చెప్పనక్కర్లేదు.

పేరు వచ్చినవారి సంగతీ చూద్దాం. డక్కలి కులానికి చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య 2021లో 'భీమ్లా నాయక్' పాటతో రాష్ట్రమంతటికీ తెలిశారు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన కూలి పని చేస్తూ కనిపించారని పత్రికలు రాశాయి. 2023 నాటి 'బలగం' చివర ప్రేక్షకులను ఏడిపించిన గొంతులు బుడగజంగం దంపతులవి. ఇలాంటి కళాకారులకు సత్కారాలున్నాయి, సాయాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను ఉంది. పింఛను ఇచ్చేవాడి దయ మీద ఆధారపడుతుంది, రాయల్టీ ఒప్పందం మీద ఆధారపడుతుంది. ఏటా పాట ఎన్నిసార్లు మోగితే అన్నిసార్లు లెక్క అడగడం దాని స్వభావం. సన్మాన సభల్లో శాలువా కప్పేవారు ఈ తేడాను ఎన్నడూ ప్రస్తావించకపోవడం యాదృచ్ఛికం అనుకోను.

ఇక జానపదం. 2021లో 'లవ్ స్టోరీ'లోని 'సారంగ దరియా' పాట మీద వివాదం రేగింది. ఊళ్లో పాడుకునే పాటను వెలికితెచ్చినవారికి ఏమి దక్కాలి, దానికి కొత్త చరణాలు కట్టిన కవికి ఏమి దక్కాలి అన్న చర్చ కొన్ని రోజులు నడిచి ఆరిపోయింది. చట్టం దృష్టిలో ఎవరూ రాయని పాట అందరిదీ. అందరిదీ అన్నప్పుడు అది మొదట ఎవరికి అందుతుంది? స్టూడియో ఉన్నవాడికి. దరువు మాదిగవాడలో పుడుతుంది, స్వరకర్తగా నమోదు అయ్యేది దాన్ని రికార్డు చేసినవారు.

ఇక్కడ అంబేద్కర్‌వాదుల నుంచి ఒక బలమైన అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలికగా దాటేయకూడదు. డప్పు కళ అయితే కావచ్చు, కానీ అది వెట్టి కూడా. చావుకు కొట్టాలి, దండోరా వేయాలి, గడప బయట నిలబడాలి. మహర్ వతన్ల వెట్టిని తొలగించడానికి బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో బిల్లు తెచ్చారు. ఆ దారిలో నడిచేవారు డప్పును పారేయమంటారు. మరోవైపు 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమం తన పేరునే దండోరా అని పెట్టుకుని, అదే డప్పును భుజాన వేసుకుంది. ఈ రెండు దారుల్లో ఒకదాన్ని ఎంచుకోవాలని మనం యువకుల మీద ఒత్తిడి పెడుతున్నాం. నా దృష్టిలో ఆ ఎంపిక అనవసరం, ఎందుకంటే రెంటికీ మూలం ఒకటే: సమ్మతి. చావుకు కొట్టనన్న కుటుంబాన్ని గ్రామాభివృద్ధి కమిటీ బహిష్కరిస్తే, నిజామాబాద్ ప్రాంతంలో ఇలాంటి బహిష్కరణలు కొత్తవి కావు, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో వెట్టిచాకిరీకి, సామాజిక బహిష్కరణకు శిక్షలున్నాయి. సినిమాకు కొట్టినప్పుడు రాతపూర్వక సమ్మతి లేకుండా వాడరాదని కాపీరైట్ చట్టం చెబుతోంది. కాదనే హక్కు లేనివాడికి వెల చెప్పే హక్కు ఉండదు. ఒకే వకీలు ఉదయం మొదటి కేసు, మధ్యాహ్నం రెండో ఒప్పందం చూడగలిగితే తప్ప ఈ సంబంధం బయటపడదు. వాటిని క్రిమినల్ లా, ఎంటర్‌టైన్‌మెంట్ లా అని వేర్వేరు గదుల్లో బోధించే కళాశాలలకు ఇది పట్టదు.

ఈ ప్రాంతానికి అలాంటి పూర్వీకుడు లేకపోలేదు. కోనసీమ నుంచి వచ్చి నిజామాబాద్‌లో ప్రాక్టీసు చేసిన బొజ్జా తారకం అక్కడే అంబేద్కర్ యువజన సంఘాన్ని కట్టారు, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లారు, 1985లో కారంచేడు హత్యాకాండకు నిరసనగా హైకోర్టులో ప్రభుత్వ ప్లీడర్ పదవిని వదులుకున్నారు. ఆయన 'నది పుట్టిన గొంతుక' కవి కూడా. ఆయన వాద్యకారుడు కాదు. కానీ కవిత్వం తీరిక వేళల కాలక్షేపమని గానీ, వకాలత్ కేవలం జీవనోపాధి అని గానీ ఆయన అనుకోలేదు. సామాన్యుల కోసం 'పోలీసులు అరెస్టు చేస్తే' రాసిన చేతికే కవిత్వం తెలుసు. చట్టాన్ని వాడుక తెలుగులో చెప్పడం కవికి చేతనైనట్టు కేవల వకీలుకు చేతకాదు.

డోంగ్లి పిల్లల దగ్గరికి తిరిగి వస్తే, వారికి దారి సులువని చెప్పడం అబద్ధమవుతుంది. సీనియర్ దగ్గర జూనియర్‌గా మొదటి ఏళ్లు దాదాపు జీతం లేని ఏళ్లు. పెళ్లిళ్ల సీజన్‌లో డప్పు బృందంతో వెళితే ఆ నెల గడుస్తుంది, వాయిదా తప్పుతుంది. వెనక ఆస్తి ఉన్నవాడికి కళ ఖర్చు, వీరికి కళే ఆదాయం. 2025లో తెలంగాణ తెచ్చిన వర్గీకరణ చట్టంలో డక్కలి, బుడగజంగం, మాష్టి, మాంగ్ గారోడి వంటి కులాలు 1 శాతం వాటా ఉన్న మొదటి గ్రూపులో ఉన్నాయి. ఊరూరా ఆడి పాడి బతికిన కులాలు ఎక్కువగా అక్కడే ఉన్నాయి. ఆ ఒక్క శాతం నుంచి లా సీటుకు చేరేవారు ఏటా ఎందరో విశ్వవిద్యాలయాలు లెక్క చెప్పాలి, న్యాయ విద్యార్థులకు ఉపకార వేతనం కోర్సు ముగిశాక జూనియర్ ఏళ్లకూ కొనసాగాలి.

వారిలో ఒక్కరు బార్‌లో నమోదైనా మొదట చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఊరి డప్పు బృందానికి ఒక పేజీ ఒప్పందం తెలుగులో రాయాలి: ఎవరెవరు కొట్టారు, ఏ దరువు, ఎక్కడ వాడతారు, టైటిల్స్‌లో పేర్లు ఏ వరుసలో వేస్తారు. గడువు రాయకపోతే 5 ఏళ్లేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టమే చెబుతోంది. నిర్మాత ముందు అది చదివి వినిపించాలి. పేరు వేయమని సంతకం చేయించుకున్న మరుక్షణం ఆ 'ఆనుషంగికం' అనే మినహాయింపు వర్తించడం కష్టమవుతుంది. అప్పటికీ నిర్మాత పేర్లు ఎగ్గొడితే హైకోర్టులో ఆ మినహాయింపునే సవాలు చేయవచ్చు, రాజ్యాంగం 14వ అధికరణం కింద. ఆ పిటిషన్ వేసే న్యాయవాది వకాలత్‌నామా మీద సంతకం చేసి, ఆ సాయంత్రం మంట దగ్గర డప్పు కాక పెట్టుకుంటే, బార్ కౌన్సిల్‌లో ఎవరైనా 52వ నియమం ఎత్తుతారేమో. ఎత్తనివ్వండి. ఆ వాదన కూడా రికార్డులోకి ఎక్కాలి.