గవ్వలతో రాక్షస సంహారం

(బ్లాక్‌టౌన్ కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

బడి సెలవులొస్తే మన పిల్లలు బల్ల చుట్టూ చేరి వీరులు, మంత్రగాళ్లు, డ్రాగన్లు అంటూ ఆడే ఆట మీరు చూసే ఉంటారు. దాని పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేస్తే 1974లో అచ్చయింది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లకు తలో పాత్ర. కథ వరకూ బాగానే ఉంటుందండీ, చిక్కంతా యుద్ధంతోనే.

ఎవరి వంతు ముందో తేలడానికి ఒక పాచిక. తర్వాత ఇరవై ముఖాల పాచిక వేసి, దానికి మన బలం కలిపి, అది శత్రువు కవచం అంకెను అందుకుందేమో చూడాలి. అందుకుంటే గాయమెంతో తేల్చడానికి ఇంకో పాచిక. మా ఇంట్లో ఏడేళ్ల అమ్మాయి పాత్ర మొదటి పోరులోనే చచ్చిపోయింది. పాపం, సాయంత్రమంతా గోడవారగా కూర్చుంది. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు "ఇదేం ఆటర్రా, పిల్లని ఏడిపించేది!" అంటూ పెట్టెలోంచి నాలుగు గవ్వలు తీశారు. (విమానాశ్రయంలో అధికారులకు చూపించి తెచ్చినవే లెండి.)

అష్టాచమ్మా లెక్క మీకు తెలిసిందే. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అంత పందెం. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఈ రెంటికీ ఇంకో పందెం కొసరు. మేం చేసిందల్లా పందెంలోంచి కవచం అంకె తీసేయడమే. మిగిలిందే గాయం. దెబ్బ తగిలిందా, ఎంత తగిలింది అన్న రెండు ప్రశ్నలకూ ఒక్క పందెంతోనే జవాబు వస్తుంది. వంతులు కూర్చున్న వరసలోనే, రాక్షసుడు ఆఖర్న. ప్రాణం సున్నాకి వస్తే చావు లేదు, మూర్ఛే. పక్కవాడు తన వంతు వదులుకుంటే లేపొచ్చు.

కవచం విషయంలో మాత్రం జాగ్రత్త. గవ్వ ఎటు పడే అవకాశమైనా సమానమే అనుకుంటే పదహారు రకాలుగా పడొచ్చు. కవచం ఒకటైతే అందులో నాలుగే వృథా, రెండైతే పది వృథా. కొసరు పందేలు వదిలేస్తే సగటు గాయం ఒకటిన్నర నుంచి ముప్పావుకి పడిపోతుంది. పన్నెండు ప్రాణాల రాక్షసుణ్ణి నలుగురు కలిసి సుమారు రెండు చుట్లలో పడగొట్టేవాళ్లల్లా నాలుగు చుట్లు కొట్టాలి. నిజం గవ్వలు అంత సమానంగా పడవు. మీ గవ్వల్ని ఓ వందసార్లు వేసి చూసుకోండి.

వేగం వచ్చింది గానీ, రెండో రోజుకే మా పెద్దాడు "గవ్వలు వేయడం తప్ప ఏముంది నాన్నా?" అన్నాడు. నిజమే. అందుకని ఇంకో నియమం చేర్చాం. పందెం వేసేముందు ఏం చేస్తున్నారో తెలుగులో చెప్పాలి. ఉపాయం బాగుందని అమ్మమ్మ ఒప్పుకుంటే ఆ ఒక్క పందేనికి కవచం ఒకటి తగ్గుతుంది. ఉత్తినే "కొడతా" అంటే తగ్గదు. కవచం ఒక్కటి తగ్గడమంటే ఎంతో ఇందాక లెక్క చూశాం కదా, పిల్లలకీ అది వెంటనే అర్థమైంది.

మొన్న శనివారం రాక్షసుడికి ఒక్క ప్రాణమే మిగిలింది, కవచం రెండు. మా అమ్మాయి చాలాసేపు మాటలు వెతుక్కుని, "వాడి జుట్టు స్తంభానికి కట్టేసి అప్పుడు కొడతా అమ్మమ్మా" అంది. ఆవిడ నవ్వి తలూపారు. గవ్వలు రెండు వెల్లకిలా పడ్డాయి.